మారుతి ఇంజన్‌తో రేసు నేర్పిన కరి

మన కాలేజీలో కార్ల పిచ్చి ఉన్న బ్యాచ్‌కి కొదవ లేదు. రేసింగ్ అనగానే సెన్నా అంటారు, షూమాకర్ అంటారు. మన దక్షిణాదిలోనే పుట్టి, మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 ఇంజన్‌నే తీసుకుని రేసు కారు కట్టిన మనిషి పేరు అడిగితే మాత్రం చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. ఆయన పేరు సుందరం కరివర్ధన్. 1954లో పుట్టి 1995లో పోయారు. రేసింగ్ లోకంలో అందరికీ ఆయన కరి. ఈసారి మన పత్రికలో ఆయన గురించి రాయాలనిపించింది. దానికి కారణం మా ఊళ్ళో ఉంది.

మాది ఆర్మూర్. పసుపు ఊరు. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు మా దగ్గరే కలుస్తాయి. పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఎక్కడ చూసినా ఉడకబెట్టిన వాసన, పాలిష్ డ్రమ్ముల చప్పుడు, కొమ్ము, మండ వేరుచేసి బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు పోయే ట్రాక్టర్లు. మా పెద్దమ్మ కొడుకు ఆ ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. అన్న దగ్గర ఒక పాత మారుతి ఎస్టీమ్ ఉంది, కార్బురేటర్ మోడల్. పెద్ద ఖర్చు పెట్టకుండా దానికి కాస్త ఊపు తెచ్చి డ్రాగ్ రేసులో దింపాలని అన్న కోరిక. డ్రాగ్ రేసు అంటే సింపుల్. నిలబడ్డ చోటు నుంచి పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పోవాలి. ముందు చేరినోడు గెలిచినట్టు. అన్న దోస్తులు కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ట్రాక్ దాకా ఎందుకు, తెల్లవారుజామున హైవే ఖాళీగానే ఉంటది కదా అంటున్నారు. బండిని ఎంతవరకు మార్చొచ్చో లెక్క చూసిపెట్టమని అన్న నాకు చెప్పాడు. ఆ లెక్కల కోసం వెతుకుతుంటే దొరికిన మనిషే కరి.

ముందు కోయంబత్తూరు సంగతి చెప్పాలి. తమిళనాడులో ఉన్నా ఆ ఊరి పరిశ్రమల చరిత్రలో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలకు పెద్ద వాటా ఉంది. బట్టల మిల్లులు, నీటి పంపులు, మోటార్లు, ఫౌండ్రీలు. వీటిలో చాలా వాటి వెనక వాళ్ళే కనిపిస్తారు. అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు జి.డి. నాయుడు. 1893లో ఆ ఊరి దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. కుర్రతనంలో ఒక మోటార్ సైకిల్‌ను చూసి మనసు పడి, ఊరు వదిలి హోటల్లో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొన్నారు. కొన్న తర్వాత చేసిన మొదటి పని మొత్తం విప్పి మళ్ళీ బిగించడం. అలా మెకానిక్ అయ్యారు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టి, తర్వాత వందల బస్సుల కంపెనీ నడిపారు. 1952లో రెండు సీట్ల చవక కారు కూడా తయారుచేశారు, కానీ దాన్ని అమ్మకానికి చేయడానికి అనుమతి రాలేదు. 1974 జనవరిలో ఆయన చనిపోయేనాటికి కరికి ఇరవై నిండలేదు. అంటే ఇప్పుడు మన క్లాసులో కూర్చున్న వాళ్ళ వయసే.

కరి పుట్టిన ఇల్లు మాత్రం కలిగినది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబం వాళ్ళది. రేసింగ్ సరదా తీర్చుకోవడానికి ఆయనకు డబ్బు అడ్డం కాదు. విదేశీ కారు ఒకటి తెప్పించుకుని, ఏడాదికోసారి తోలి, కప్పు తెచ్చుకుని అద్దాల బీరువాలో పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన అలా ఆగలేదు. అందుకే ఆయన కథ చెప్పుకోవాలి.

ఆ రోజుల్లో దక్షిణాదిలో రేసు అంటే షోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో, రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడి ఉంటే, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ రేసులు పెట్టింది. అమెరికాలోనూ డ్రాగ్ రేసింగ్ పెరిగింది ఇలాంటి చోటనే. ముందు కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద, తర్వాత యుద్ధంలో వాడి వదిలేసిన రన్‌వేల మీద కుర్రాళ్ళు పాత కార్లు తెచ్చి పరిగెత్తించారు. వీధుల్లో జరిగే పోటీలను అక్కడికి మళ్ళించి, వాటికి నియమాలు పెట్టాలనే ఆలోచనతోనే 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పుట్టింది. యుద్ధం కోసం పోసిన తారు, సిమెంటు ఇలా రెండు ఖండాల్లోనూ కుర్రకారుకు పనికొచ్చింది.

షోలవరంలో కొద్దిమంది దగ్గర దిగుమతి చేసుకున్న రేసు కార్లు ఉండేవి. మిగతా వాళ్ళకు ఉన్నవి మనకు తెలిసిన మూడే: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. లైసెన్సుల కాలం అది, కొత్త కారు కావాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కాబట్టి ఉన్న ఫ్యామిలీ కారునే రేసుకు సిద్ధం చేసుకునేవారు. కరి ఈ లోకంలోకి వచ్చి, తోలుతూ తోలుతూనే కార్లు కట్టడం వైపు తిరిగారు. డ్రైవర్‌గా కంటే డిజైనర్‌గానే ఆయన పేరు ఎక్కువ నిలిచింది.

ఇక్కడ కాస్త ఆగి, మామూలు సెడాన్‌ని రేసుకు సిద్ధం చేయడం అంటే ఏమిటో చూద్దాం. ఇది తెలియకపోతే కరి చేసిన పని విలువ తెలియదు.

పాత ఇంజన్‌కి కొత్త పార్టులు తగిలించే ముందు, అది కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎంత శక్తి ఇచ్చేదో అంతా మళ్ళీ రాబట్టాలి. కంప్రెషన్ చెక్ చేయాలి. వాల్వులు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూసి గ్రైండింగ్ చేయాలి. ప్లగ్గులు, టైమింగ్, క్లచ్, బ్రేకులు సరిచేయాలి. సగం పాత కార్లు ఈ పనితోనే కొత్త ప్రాణం పోసుకుంటాయి. ఆ తర్వాతే ట్యూనింగ్. ఇంజన్ అంటే ఒక రకంగా గాలి పంపు. ఎంత గాలి లోపలికి పోతే అంత పెట్రోలు కాలుతుంది, అంత శక్తి వస్తుంది. అందుకే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ జెట్లు, పొగగొట్టం ఈ మూడింటినీ కలిపి చూడాలి. ఒక్కటి మార్చి మిగతావి వదిలేస్తే లాభం లేదు. సిలిండర్ హెడ్‌ని లేత్ షాపులో కొంచెం చెక్కిస్తే కంప్రెషన్ పెరిగి శక్తి వస్తుంది. మరీ చెక్కిస్తే పెట్రోలు ముందే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం మొదలవుతుంది, పిస్టన్లు పోతాయి. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ విద్యలో సగం.

అన్న కోసం నేను వేసిన లెక్క ఇదిగో. పావు మైలుకు ఒక అందాజు సూత్రం ఉంది. కారు బరువును పౌండ్లలో తీసుకుని హార్స్ పవర్‌తో భాగించి, ఘనమూలం కట్టి, 5.825తో గుణిస్తే సెకన్లు వస్తాయి. కార్బురేటర్ ఎస్టీమ్ 65 హార్స్ పవర్, సుమారు 875 కిలోలు. 70 కిలోల డ్రైవర్‌ను కలిపితే 945. లెక్క 18.5 సెకన్లు చెప్తుంది. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు తీసేసి, ట్యాంకులో పెట్రోలు తగ్గించి 60 కిలోలు దించితే 18.1. దాని మీద జాగ్రత్తగా ట్యూన్ చేసి 6 హార్స్ పవర్ కలిపితే 17.6. దాదాపు ఒక సెకను దిగింది. ఇందులో సగానికి దగ్గరగా వచ్చింది పైసా ఖర్చు లేకుండా, సామాను దించడం వల్లనే.

ఘనమూలం ఎంత క్రూరమైనదో కూడా ఈ సూత్రంలోనే కనిపిస్తుంది. టైమ్ పది శాతం తగ్గాలంటే అదే బరువు మీద శక్తి 37 శాతం పెరగాలి. సగానికి తగ్గాలంటే ఎనిమిది రెట్లు కావాలి. అంటే మొదటి సెకను చవక, రెండోది ఖరీదు, మూడోది ఇల్లు అమ్ముకునే రకం. అల్గారిదమ్స్ క్లాసులో కాంప్లెక్సిటీ గురించి చెప్పేది కూడా ఇలాంటిదే కదా.

కరి ముందున్న చిక్కు సరిగ్గా ఇదే. రేసింగ్‌ని వదిలేస్తే అది డబ్బు వైపే పరిగెడుతుంది. ఎవరి జేబు బరువైతే వాళ్ళ కారు ముందుంటుంది. మెకానిక్ కొడుకో, మిల్లు గుమాస్తా కొడుకో ఎంత బాగా తోలినా ఆ ప్రతిభ కనపడే చోటు లేదు. ఇంత పెద్ద దేశంలో మంచి డ్రైవర్లు లేరని కాదు, వాళ్ళని కొలిచే తూనిక లేదు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై హార్స్ పవర్ కూడా లేని చిన్న ఇంజన్. కొన్నేళ్ళకే దాని పార్టులు దొరకని ఊరు లేదు, దాన్ని విప్పడం రాని మెకానిక్ లేడు. మిగతావాళ్ళు అందులో ఒక కుటుంబం కూర్చునే చిన్న కారును చూస్తే, కరి రేసు కారుకు కావలసిన గుండెకాయను చూశారు. 1988 ప్రాంతంలో ఆయన చేతుల మీదుగా ఫార్ములా మారుతి వచ్చింది. ఉక్కు గొట్టాలతో కట్టిన చట్రం, ఒకే సీటు, బయటికి కనిపించే చక్రాలు, డ్రైవర్ వీపు వెనక మారుతి 800 ఇంజన్. చూడటానికి టీవీలో కనిపించే ఫార్ములా కారు తమ్ముడిలా ఉంటుంది. లోపల తిరిగేది మాత్రం మీ పక్కింటి అంకుల్ కారులో తిరిగే ఇంజనే.

నలభై హార్స్ పవర్ లేని ఇంజన్‌తో రేసా అని నవ్వొచ్చు. పై లెక్కలో చూశాం కదా, శక్తి ఒక్కటే కాదు, శక్తి ఎంత బరువును లాగుతుందన్నది ముఖ్యం. తలుపులు, సీట్లు, డిక్కీ, పైకప్పు ఏవీ లేవు కాబట్టి అదే చిన్న ఇంజన్ హుషారుగా పరిగెడుతుంది. ఎత్తు తక్కువ, బరువు నేలకు దగ్గర, కాబట్టి మలుపుల్లో పట్టు ఉంటుంది. ఇంజన్ జోలికి పెద్దగా పోకుండానే బండి స్వభావం మారిపోయింది.

అసలు తెలివి ఇంకోటి. ఆ పోటీలో అందరివీ ఒకే రకం కార్లు, ఒకే ఇంజన్. కాబట్టి ఎవరు ముందు వచ్చారంటే వాళ్ళు బాగా తోలారు, బండిని బాగా చూసుకున్నారు అని అర్థం. అమెరికాలో అమెచ్యూర్ డ్రాగ్ రేసర్లు ఈ చిక్కును ఇంకో దారిలో విప్పారు. దాన్ని బ్రాకెట్ రేసింగ్ అంటారు. నా కారు ఇన్ని సెకన్లలో పోతుందని ముందే రాసివ్వాలి. నెమ్మది కారును ఆ తేడా మేరకు ముందు వదులుతారు. రాసిచ్చిన టైమ్ కంటే వేగంగా పోతే ఔట్. అక్కడ 18 సెకన్ల పాత సెడాన్ కూడా 12 సెకన్ల కారును ఓడించగలదు, తన బండి గురించి తనకు కచ్చితంగా తెలిస్తే చాలు. ఒక దారిలో కార్లు సమానం, ఇంకో దారిలో అవకాశం సమానం. రెండింటిలోనూ డబ్బును పక్కన కూర్చోబెట్టారు.

1990లో చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల అసలైన రేస్ ట్రాక్ తెరుచుకుంది. షోలవరం రన్‌వే కాలం ముగిసింది. కొత్త ట్రాక్ మీద ఫార్ములా మారుతి కార్లే కుర్రాళ్ళకు ఓనమాలు దిద్దించాయి. అలా దిద్దినవాళ్ళలో కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 1977లో పుట్టినవాడు, పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టి, ఆ తర్వాత యూరప్ వెళ్ళి, 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. అదే ఏడాది అమెరికా గ్రాండ్ ప్రీలో నాలుగో స్థానంలో వచ్చాడు. టైర్ల గొడవ వల్ల ఆ రోజు ఆరు కార్లే రేసులో మిగిలిన మాట నిజమే. అయినా మారుతి 800 ఇంజన్ వెనక మొదలైన ప్రయాణం అంత దూరం పోవడం చిన్న విషయం కాదు.

కరి ఆ రోజు చూడలేదు. నేల మీద వేగం చాలక ఆయనకు గాల్లో ఎగరడం మీద కూడా ఇష్టం ఉండేది. 1995 ఆగస్టులో ఒక చిన్న విమానం ప్రమాదంలో ఆయన చనిపోయారు. నలభై దాటిన కొత్తలో. కార్తికేయన్ ఫార్ములా వన్ గ్రిడ్ మీద నిలబడటానికి ఇంకా పదేళ్ళు ఉంది.

ఆయన చావు గురించి చదివినప్పుడు నాకు వేగం మీద భయం కంటే ఇంకో ఆలోచన వచ్చింది. వేగం ప్రమాదమే, ట్రాక్ మీదైనా, గాల్లోనైనా. దాన్ని ఎంచుకున్న మనిషి ఆ ప్రమాదాన్ని తెలిసి మోస్తాడు. హైవే సంగతి అది కాదు. తెల్లవారుజామున ఆర్మూర్ బైపాస్ ఖాళీగా ఉందనిపిస్తుంది. వెనక లైటు లేని పసుపు ట్రాక్టర్ ఉంటది, పాలు తీసుకుని రోడ్డు దాటే మనిషి ఉంటాడు, రాత్రంతా నిద్రలేని లారీ డ్రైవర్ ఉంటాడు. వాళ్ళెవరూ రేసుకు పేరు ఇవ్వలేదు. మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ రోడ్డు మీద పందేలకు శిక్ష వేస్తుంది, 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఆపుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, 402 మీటర్ల చివర గంటకు 110, 120 కిలోమీటర్ల వేగంలో ఉన్న పాత కారు ఆగడానికి ఇంకా ఎంత రోడ్డు కావాలో అన్నకు నేను చెప్పక్కర్లేదు. బ్రేకులు బిగించేది ఆయనే కదా.

అందుకే నా లెక్కల కాగితంలో మొదటి ఖర్చు కింద ఇంజన్ రాయలేదు. బ్రేకులు, టైర్లు, హెల్మెట్, సీటు బెల్టు, ట్రాక్ ఎంట్రీ ఫీజు రాశాను. మిగిలితే కార్బురేటర్. దోస్తులకు ఇది నచ్చలేదు. అన్న మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, వెనక సీటు విప్పడం మొదలుపెట్టాడు. ఏ ట్రాక్, ఎప్పుడు అన్నది ఇంకా తేలలేదు.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇందులో పనేంటి అనుకునేవాళ్ళకు ఒక మాట. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక, ఏ స్పీడులో, ఎంత లోడులో ఎంత పెట్రోలు కొట్టాలో ఇంజన్ కంప్యూటర్‌లో ఒక పట్టిక రూపంలో ఉంటుంది. మనకు తెలిసిన టూ డైమెన్షనల్ అర్రేనే అది. ఈ రోజు ట్యూనింగ్ అంటే ఎక్కువ భాగం ఆ అంకెలు దిద్దడమే. అంటే కరి స్క్రూడ్రైవర్ పట్టుకున్న చోట ఇప్పుడు మనం కీబోర్డు పట్టుకోవచ్చు. అంకె మార్చే ముందు బండి గురించి తెలుసుకోవాలన్న నియమం మాత్రం మారలేదు.

కరి పోయాక ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గర 2.1 కిలోమీటర్ల ట్రాక్ ఒకటి కట్టారు. కట్టించినాయన బి. విజయ్ కుమార్, ఆయనా ఒకప్పటి రేసరే. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. జాతీయ స్థాయి పోటీలు అక్కడ జరుగుతాయి. అక్కడ తిరిగే ఫార్ములా ఎల్‌జీబీ కార్లలో కూడా మారుతి స్విఫ్ట్ ఇంజన్ పెట్టారు. కరి పెట్టిన పద్ధతే అది: మన దగ్గర దొరికే ఇంజన్, ఒకే రకం కార్లు, తేడా అంతా డ్రైవర్‌లో.

జి.డి. నాయుడు మోటార్ సైకిల్ విప్పి చూసి తను నేర్చుకున్నారు. కరి అంతకంటే ఒక అడుగు ముందుకు వేసి, పదిమంది నేర్చుకోవడానికి వీలైన బండిని కట్టి ఇచ్చారు. కలిగిన ఇంట్లో పుట్టిన మనిషి, లేనివాడు కూడా నిలబడి పోటీ చేయగలిగే గీత ఒకటి నేల మీద గీశారు. ఆ గీత రోడ్డు మీద కాకుండా ట్రాక్ మీద ఉంది. ఈసారి కోయంబత్తూరు వైపు వెళ్ళే పని పడితే చెట్టిపాళయం దాకా పోయి రండి. రేసులున్న రోజైతే ఇంకా మంచిది. వరసగా ఒకేలాంటి చిన్న కార్లు నిలబడి ఉంటాయి. ఏది ఎవరి డబ్బుతో వచ్చిందో చూసి చెప్పడం కష్టం. కరి కోరుకున్నది అదే.